ఆదివారం బ్యాటరీ

జహీరాబాద్‌కు లాంచీ ఎక్కడిదని మీరడగొచ్చు. నేనూ మొదట అలాగే అడిగాను. మా ఊరికి తెలిసినవి లారీలు, చెరుకు బండ్లు, ఎర్ర బస్సులు. నీళ్ళ మీద నడిచేది మాకెందుకు? కానీ ఎనభైలలో మంజీర మీద కట్ట కడుతున్నప్పుడు, వెనక నిలిచిన నీళ్ళ లోతు కొలవడానికి డిపార్ట్‌మెంటు వాళ్ళు ఒక ఇనుప లాంచీని లారీ మీద తెచ్చి, న్యాల్‌కల్ అవతల ఒక పల్లె ఒడ్డున దించారు. ఆ పల్లె మా అత్తగారి ఊరు.

నేను లారీల ఎలక్ట్రీషియన్ని. డెబ్బైలలో బొంబాయి రోడ్డు పక్కన, చిరాగ్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డులో, మెట్రిక్ దాకా చదివి చేరి, పని నేర్చుకున్నాను. తర్వాత అదే రోడ్డు మీద నా షెడ్డు నేను వేసుకున్నాను. అప్పటి బ్యాటరీలు నల్ల రబ్బరు డబ్బాలు. పైన తారు పోసి మూసేవారు. ఆరు గదులు, ఆరు మూతలు. మూత తీసి గాజుగొట్టంతో లోపలి యాసిడ్ పీలిస్తే, అందులో తేలే బుడ్డి ఎంత పైకి లేచిందో చూసి బ్యాటరీ సత్తా చెప్పేవాళ్ళం. గ్రావిటీ చూడడం అంటాం దాన్ని. ఆ పనిలో దిగాక నా ఒంటిమీద చిల్లు లేని బట్ట లేదు. యాసిడ్ చుక్క పడ్డప్పుడు ఏమీ కనపడదు, ఉతికిన తర్వాత చిల్లు బయటపడుతుంది. మా ఆవిడ కుట్టీ కుట్టీ విసిగి, "నీ అంగీలు చేపల వలకు పనికొస్తయి" అనేది.

ఒకరోజు డిపార్ట్‌మెంటు ఇంజనీరుగారి జీపు నా షెడ్డు ముందు ఆగిపోయింది. డైనమో బాగుచేసి ఇచ్చాను. ఆయనకు నా పని నచ్చింది. లాంచీ చూసే మనిషి కావాలి, వస్తావా అన్నాడు. ముందు టెంపరరీ, ఏడాది పనిచూసి పర్మనెంటు లిస్టులో పేరు పంపిస్తానన్నాడు. మా వంశంలో సర్కారు నౌకరి చేసినవాళ్ళు లేరు. నాకప్పటికే ముప్పై ఐదు దాటాయి, వేళ్ళు పగిలి ఉప్పు తగిలితే మండేవి, తారు రోడ్డు పక్కన దుమ్ము మింగీ మింగీ దగ్గు పట్టుకుంది. పర్మనెంటు అన్న మాట ఆయన చేత రెండోసారి చెప్పించుకున్నాను. షెడ్డు పనివాళ్ళకు అప్పగించి, వారానికి ఆరు రోజులు లాంచీకి పోవడం మొదలుపెట్టాను.

లాంచీకి వాచ్‌మన్ కావాలంటే మా బావ పేరు చెప్పింది కూడా నేనే. మా ఆవిడకు అన్న. ఆయన ఇల్లు ఒడ్డుకు నడిచిపోయేంత దూరం. బావ అంటే నాకు వట్టి చుట్టరికం కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు జహీరాబాద్ దవాఖానలో పదకొండు రోజులు నా మంచం కింద పడుకున్న మనిషి. నా సొంత తమ్ముడు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. బావ మాత్రం నా ఒళ్ళు తుడిచాడు, నా వాంతి ఎత్తాడు. ఆయన మీద నాకు అనుమానం రావాలంటే ముందు నా మీద నాకు రావాలి. వచ్చింది కూడా అలాగే.

మొదటి తప్పు నిజంగా నాదే. అది దాచను. లారీలకు మేం ఒక్క వైరే లాగుతాం. రెండోది ఉండదు, బండి బాడీయే రెండో వైరు పని చేస్తుంది. లాంచీ కూడా ఇనుమే కదా అని నేను లారీకి చేసినట్టే చేశాను. లైట్లకు, హారన్‌కు, నీళ్ళు తోడే మోటారుకు ఒక్కో వైరు లాగి, ఎర్త్ బాడీకి కొట్టేశాను. రెండు వారాల్లో బ్యాటరీ దిగడం మొదలైంది. లాంచీ నడిపే డ్రైవరు గోదావరి వైపు మనిషి. అతను చూసి నవ్వాడు. "ఇది రోడ్డు మీద బండి కాదండి. అడుగున ఎప్పుడూ తడేనండి. తడిలో కరెంటు ఎటు పోతుందో మనం చెప్పలేం. రెండు వైర్లూ లాగాలండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ అతను చెప్పింది నిజం. మొత్తం పీకి రెండేసి వైర్లు లాగాను. నాలుగు రోజులు పట్టింది.

ఆ తర్వాత కూడా బ్యాటరీ దిగుతూనే ఉంది. అదీ సోమవారం మాత్రమే. శనివారం సాయంత్రం సెల్ఫ్ కొడితే ఇంజను ఒక్క దెబ్బకు అందుకునేది. సోమవారం పొద్దున "కుయ్" మని మూలిగి ఊరుకునేది. ఆదివారం లాంచీకి సెలవు. డ్రైవరు శనివారం సాయంత్రమే బస్సెక్కిపోయేవాడు. తాళంచెవి ఒకటి అతని దగ్గర, ఒకటి బావ దగ్గర. పని లేకుండా కట్టేసి ఉన్న లాంచీలో ఒక్కరోజులో బ్యాటరీ ఎట్లా దిగుతుంది?

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. బ్యాటరీ టెర్మినల్ ఒకటి విప్పి, మధ్యలో టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. ఎక్కడైనా కరెంటు కారుతుంటే బల్బు ఎర్రగా మినుకుతుంది. మినుకలేదు. అయినా నమ్మకుండా ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపే కటౌట్ మార్చాను. డైనమో విప్పి కార్బన్లు మార్చాను. లాంచీ లోతు కొలవడానికి మెల్లగా పోతుంది కాబట్టి చార్జింగ్ సరిగా ఎక్కడం లేదేమోనని చిన్న పుల్లీ వేయించాను. గ్రావిటీ రోజూ చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. అది మరీ వింత. ఎంత చార్జింగ్ పెట్టినా బుడ్డి పైకి లేవడం లేదు. యాసిడ్ పలచబడుతోంది. ఎవరో నీళ్ళు కలిపినట్టు. అలలకు ఊగి యాసిడ్ ఒలుకుతోందనుకున్నాను. మంజీరలో అలలా? కానీ దారి దొరకని మనిషి ఏదైనా నమ్ముతాడు.

ఈ పరీక్షలన్నిటికీ బావ నా పక్కనే ఉండేవాడు. టెస్ట్ ల్యాంపు పట్టుకునేవాడు. వైరు చివర అందించేవాడు. "బల్బు వెలుగుతలేదు బావా. గిట్ల ఎట్ల దిగుతది మరి?" అని నాకంటే ఎక్కువ బాధపడేవాడు. నేను అన్నం తినకుండా కూర్చుంటే ఇంటికి పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి పెట్టేవాడు.

డ్రైవరు ఒకసారి అన్నాడు. "మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాటండి. బ్యాటరీ లాంచీలో ఉండి దిగుతోందా, దిగివచ్చి కూర్చుంటోందా, అది చూడండి."

నాకు అర్థమైంది. అర్థమయ్యే లేచాను. "మా బావను దొంగంటున్నవా?" అని అతని అంగీ పట్టుకున్నాను. బావే అడ్డం వచ్చి విడిపించాడు. ఆ తర్వాత డ్రైవరు నాతో పనికి మించి మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మనిషి ఎదురైతే క్షమించమని అడగాలని ఉంది.

ఇక ఆదివారం సంగతి చెప్పాలి. మా మామకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఎక్కువ రోజులు లేవని దవాఖానలో చెప్పేశారు. అప్పట్లో ఆదివారం పొద్దున టీవీలో దేవుడి సీరియల్ వచ్చేది. దేశమంతా పనులు మానుకుని చూసేది. మామకు అది చూడాలని కోరిక. బావ హైవే మీద ఒక లారీ డ్రైవరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన చిన్న టీవీ సంపాదించాడు. బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. ఆ ఊళ్ళో కరెంటు స్తంభాలున్నాయి గానీ పగటిపూట కరెంటు ఉండేది కాదు.

బావ మొదట నన్నే అడిగాడు. "నీ షెడ్ల ఇన్ని బ్యాటరీలున్నయి గద. ఆదివారం ఆదివారం ఒకటి ఇయ్యరాదు బావా." నలుగురి ముందు కసిరాను. "గిరాకీలు నమ్మి ఇడిచిపెట్టిన బ్యాటరీలవి. ఇంట్ల తమాషకు తెస్తే రేపు నా షెడ్డు మొకం ఎవడు చూస్తడు? గిసోంటి మాట ఇంకోసారి అడగకు" అన్నాను. బావ నవ్వాడు. పై ఆదివారానికి ఊరి పటేల్ తన ట్రాక్టరు బ్యాటరీ ఇస్తున్నాడని చెప్పాడు. నాకు కాస్త సిగ్గనిపించింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి, బ్యాటరీ నుంచి టీవీకి పోయే వైరు నా చేత్తో నేనే చేసి ఇచ్చాను. రెండు కొసలకూ పళ్ళున్న క్లిప్పులు బిగించాను. ఒక క్లిప్పుకు ముందరి పన్ను ఒకటి విరిగి ఉండేది. నడుస్తుందిలే అని అదే పెట్టాను.

ప్రతి ఆదివారం నేనూ మా ఆవిడా పొద్దున్నే మొదటి బస్సుకు పోయేవాళ్ళం. రెండు బొంగులు కలిపి కట్టిన ఏంటెన్నా దూరం నుంచే కనపడేది. నడింట్లో ఒక కర్రపెట్టె, దాని మీద టీవీ. పెట్టె లోపల బ్యాటరీ. ఊరు ఊరంతా స్నానాలు చేసి వచ్చి, చెప్పులు బయట విడిచి కూర్చునేది. మా అత్త కొబ్బరికాయ కొట్టేది. మా ఆవిడ టీవీకి పసుపు, కుంకుమ పెట్టి, పెట్టె తలుపు కొంచెం తీసి లోపల బ్యాటరీకి కూడా బొట్టు పెట్టి మూసేది. దేవుడిని మోస్తున్నదానికి కూడా పూజ చెయ్యాలి కదా. ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోకూడదని అత్త నియమం పెట్టింది. మామను మంచంతో సహా తెచ్చి అందరికంటే ముందు వేసేవారు. అల్లుణ్ణి కదా, నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టేవారు. బొమ్మ వణికితే, "క్లిప్పు బిర్రుగ పట్టలే, జర సర్దు బావా" అని కూర్చున్నచోటి నుంచే చెప్పేవాణ్ణి. నా నైపుణ్యం అంతా అక్కడ వెలగబెట్టాను. సీరియల్ కాగానే తిని మధ్యాహ్నం బస్సుకు వచ్చేసేవాళ్ళం. మేం వచ్చాక మధ్యాహ్నం సినిమా, సాయంత్రం సినిమా, వార్తలు, అన్నీ నడిచేవని అప్పుడు నాకు తెలియదు.

లాంచీ బ్యాటరీ మీద నాకు ఒకటి రెండుసార్లు కుంకుమ కనపడింది. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఇంజనుకు, చుక్కానికి, బ్యాటరీకి, నా పనిముట్ల పెట్టెకు కూడా బొట్లు పెట్టాం. మా దగ్గర ఏ యంత్రం మీద కుంకుమ లేదు గనుక? చూశాను, వదిలేశాను. బావ భుజం మీది తువ్వాలకు చిల్లులు కూడా చూశాను. "బీడీలు తక్కువ చెయ్యి బావా, తువ్వాలంత కాలింది" అన్నాను. ఏళ్ళ తరబడి యాసిడ్ చిల్లులు తొడుక్కుని తిరిగినవాణ్ణి, ఆ మాట అన్నాను.

శివరాత్రి దాటాక ఇంజనీరుగారు పిలిచి చెప్పాడు. పై ఆఫీసరు సోమవారం వస్తున్నాడు, లాంచీ మీద తిరిగి లోతులు చూస్తాడు. "లిస్టు ఆయన చేతికే ఇస్తున్నా. నీ పేరు అందులో ఉంది. ఆ రోజు ఒక్కటి నడిపించు, చాలు" అన్నాడు. సోమవారం అన్న మాట వినేసరికి నోటుపుస్తకం తీసి వెనకటి సోమవారాలన్నీ లెక్కపెట్టాను.

శుక్రవారమే బ్యాటరీ విప్పి కాళ్ళ మధ్య పెట్టుకుని బస్సులో జహీరాబాద్ తెచ్చాను. పాత యాసిడ్ వంచేసి కొత్తది పోశాను. సన్నగా, నెమ్మదిగా పూర్తి చార్జింగ్ ఎక్కించాను. గ్రావిటీ ఆరు గదుల్లోనూ సమానంగా లేచింది. పైభాగం సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, నల్లగా మెరిసేలా చేశాను. టెర్మినళ్ళను ఆకురాయితో నున్నగా రాశాను. శనివారం సాయంత్రం లాంచీలో బిగించి సెల్ఫ్ కొడితే ఇంజను ఉరికి అందుకుంది.

బావ చెయ్యి పట్టుకుని చెప్పాను. "బావా, ఎల్లుండి నా బతుకంత దీనిమీదనే ఉన్నది. రేపొక్కరోజు కంటికి రెప్పలెక్క చూస్కో."

"ఫికర్ జెయ్యకు బావా. నేనున్న గద" అన్నాడు.

మరునాడు ఆదివారం. ఆ వారం సీరియల్లో పెండ్లి ఘట్టం. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. లాంచీ ఒకసారి చూసొస్తానంటే బావ, "తాళంచెవి నా దగ్గరది వంగిపోయింది, డ్రైవరుది తీస్కపోయిండు. రేపు తెస్తడు" అన్నాడు. పైగా ఎవరూ ముట్టుకోనిది ఎట్లా చెడుతుందని కూర్చుండిపోయాను. మా ఆవిడ బొట్టు పెట్టింది, పెట్టె తలుపు మూసింది. దేవుడి పెండ్లి జరిగింది. అందరూ వేసిన అక్షింతలు టీవీ మీదా, కింద పెట్టె సందుల్లోకీ పడ్డాయి. నేను చేతులు జోడించి, రేపు నా లాంచీ సెల్ఫ్ అందుకోవాలని ఆ దేవుడికి మొక్కుకున్నాను. మనసారా మొక్కుకున్నాను. ఆయన నా బ్యాటరీ మీదే నడుస్తున్నాడని నాకేం తెలుసు?

మా ఆవిడ నాయిన దగ్గర రెండు రోజులుంటానంటే సరేనని నేనొక్కణ్ణే వచ్చేశాను. అంగీ ఇస్త్రీ చేయించుకున్నాను. సోమవారం ఇంజనీరుగారి జీపులోనే వెనక కూర్చుని పోయాను.

సెల్ఫ్ కొట్టగానే ఇంజను ఒక్కసారి తడబడి అందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తడబాటు నేను పట్టించుకోవాల్సింది, విని కూడా విననట్టు ఉన్నాను. లాంచీ నది మధ్యకు పోయింది. అక్కడ తాడు వేసి లోతు చూడాలని ఆఫీసరు ఇంజను ఆపమన్నాడు. ఆపారు. తాడు వేశారు, రాసుకున్నారు. "పోనీయ్" అన్నాడు. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. కుయ్. మళ్ళీ కొట్టాడు. అదీ లేదు. చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టి నేనూ డ్రైవరూ చెమటలు కక్కాం. అంత పెద్ద ఇంజను కదలలేదు. నీళ్ళు మమ్మల్ని సగం మునిగిన తుమ్మచెట్ల వైపు నెట్టుకుపోయాయి. ఆఫీసరు గొడుగు వేసుకుని కూర్చున్నాడు. చివరికి చేపలవాళ్ళు పుట్టి వేసుకొచ్చి, తాడు కట్టి మమ్మల్ని ఒడ్డుకు లాగారు. ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది.

ఒడ్డున ఇంజనీరుగారు నన్ను వదిలి వాచ్‌మన్‌ను అడిగాడు. "నిన్న ఎవరన్నా లాంచీ ఎక్కారా?"

"ఎవరు ఎక్కలే సార్. నేను కదలలే ఆడికెళ్ళి" అన్నాడు బావ. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "మా బావ మంచోడే సార్. లారీల పని మస్తు వచ్చు. ఈ నీళ్ళ మీది పని ఆయనకు తెల్వది. మొదలు వైర్లు గూడ తప్పు కట్టిండు, డ్రైవర్‌నడుగున్రి."

డ్రైవరు తాడు చుట్టుకోసాగాడు. ఇంజనీరుగారు నా వైపు చూశాడు. "తప్పు కట్టావా?" అన్నాడు. కట్టాను సార్ అన్నాను. మరి అబద్ధం ఎట్లా చెప్పను? "లిస్టులో నీ పేరు తీసేస్తున్నా. రేపటి నుంచి రావద్దు" అని, భోజనానికి ఒడ్డు మీది డిపార్ట్‌మెంటు షెడ్డుకు నడిచాడు. పదకొండు రోజులు నా మంచం కింద పడుకున్న మనిషి నేల చూస్తున్నాడు.

నా సామాను తీసుకోవడానికి లాంచీ ఎక్కాను. ఆఖరిసారి గ్రావిటీ చూద్దామని బ్యాటరీ మీది చెక్క తీశాను. మూడో మూత పక్కన వేలెడంత కుంకుమ బొట్టు ఉంది. మా ఇళ్ళలో కుంకుమ పసుపుతో చేసుకుంటాం, యాసిడ్ తడి తగిలితే మళ్ళీ పసుపైపోతుంది. ఆ బొట్టు అంచు పసుపుగా తిరిగింది, నడుమ ఇంకా ఎర్రగా ఉంది. రెండు అక్షింతలు తారుకు అంటుకుని ఉన్నాయి. శనివారం నేను సోడానీళ్ళతో కడిగిన బ్యాటరీ అది. టెర్మినల్ చూశాను. నేను నున్నగా రాసిన సీసం మీద క్లిప్పు పళ్ళ గుర్తులు. వరసలో ముందరి పన్ను లేదు.

వెనక్కి ఒక్కొక్కటే అర్థమయ్యాయి. ఒలికిన యాసిడ్ బదులు పోసిన బావి నీళ్ళు. తువ్వాల మీది చిల్లులు. ఎవరికీ అందని పెట్టె. బావ సంగతి అప్పటికి మింగేశాను. బొట్టు మాత్రం మింగుడుపడలేదు. అది పెట్టిన వేలు నాకు తెలుసు. ప్రతి సోమవారం నా ముందు కూర్చుని, "దొరకకపోతదా, తిను" అని అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

ఇంజనీరుగారి భోజనం అయ్యేలోపు చెప్తే నా పేరు నిలబడుతుంది. ఆ పన్ను విరిగిన క్లిప్పు తెచ్చి టెర్మినల్ మీద ఆనించి చూపిస్తే చాలు. కుంకుమ అంటిన ఆ మూడో మూత పీకి చేతిలో పట్టుకుని అత్తగారింటికి పరుగులాంటి నడక నడిచాను.

నడింట్లో పెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల ఖాళీ. నా వైరు వేలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మామ ఇంకా ఆ మంచం మీదే ఉన్నాడు. మాట ముద్దగా వచ్చేది, అయినా అర్థమయ్యేది.

"అల్లుడా, వచ్చినవా. నిన్న పెండ్లి మంచిగ కండ్లార చూసిన." నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "నీ నౌకరికి ధోకా అయితదేమో, వద్దురా అన్న నేను. 'బావనే తీస్కపొమ్మన్నడు నాయినా, ఎవ్వరికీ చెప్పద్దన్నడు' అన్నడు వాడు. గందుకే నీ ముంగట కూడ ఎత్తలే. ఊరందరికీ ఎర్కనే. నీకు మాట రావద్దని ఒక్కడు నోరిప్పలే."

ఊరికి నేనిచ్చానని చెప్పారు. నాకు పటేల్ ఇచ్చాడని చెప్పారు. రెండు కథలూ ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందు, ఒకదానికొకటి తగలకుండా ఇన్నాళ్ళు నడిపారు. ఒడ్డున నిలబడి నన్ను పుట్టితో లాగుతుంటే చూసిన వాళ్ళందరూ, మామ కోసం తన నౌకరి తనే పోగొట్టుకున్నాడని అనుకున్నారన్నమాట.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. నా చేతిలో మూత చూసింది.

"ఎప్పటి సంది ఎర్క నీకు?" అన్నాను.

"మొదటి సంది."

"నా షెడ్డు నిండ బ్యాటరీలే గద. నాతోని చెప్తే ఒకటి తెచ్చియ్యనా?"

"అడిగితే అందరి ముంగట ఏమన్నవో యాదికి లేదా?" మెల్లగా, మామకు వినపడకుండా అంది. "నాయినకు ఎక్కువ దినాల్లేవన్నరు. నీకు చెప్తే ఆపుతవు. చెప్పకుంటే అన్నీ నడుస్తయనుకున్న."

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఆ రోజు అది కూడా నాకు పనికిరాలేదు. అవును, కసిరాను. కసిరిన మనిషిని మళ్ళీ అడగొచ్చు. అలగొచ్చు. తిట్టొచ్చు. వారం వారం ఆ మనిషి కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే పక్కన కూర్చుని టెస్ట్ ల్యాంపు పట్టుకోవచ్చా? అన్నం కలిపి పెట్టొచ్చా?

మామ నా చెయ్యి వదల్లేదు. "నువ్వే ఇచ్చినవు గద అల్లుడా?" అన్నాడు. ఏదో అనుమానం వచ్చినట్టుంది. ఒడ్డు వైపు నుంచి ఇంజనీరుగారి జీపు స్టార్ట్ చేసిన చప్పుడు వినపడింది. ఇంకా కదల్లేదు. పరుగెత్తితే అందుతుంది. ఆయన కన్ను, పని చేసే ఆ ఒక్క కన్ను, నా మొహం మీదే ఉంది.

"అవు మామా. నేనే ఇచ్చిన" అన్నాను.

జీపు పోయింది. క్లిప్పులు పెట్టెలో పడేసి బస్సుకు నడిచాను. మామ ఇంకో నెల కూడా లేడు. ఆ నాలుగు ఆదివారాలూ నా షెడ్డులోంచి నా సొంత బ్యాటరీ ఒకటి పంపించాను. బావ వచ్చి తీసుకుపోయేవాడు. నేను తలెత్తేవాణ్ణి కాదు. మా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను, సంసారం అన్నాక మాటలు తప్పవు. కానీ దసరాకు ఆమె పళ్ళెం పట్టుకుని షెడ్డుకు వస్తే, బ్యాటరీల దగ్గరికి రానియ్యను. పూజ నేనే చేసుకుంటాను.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం బావ కొత్త తువ్వాల వేసుకుని షెడ్డుకు వచ్చాడు. చేతిలో పేడాల పొట్లం, ఒక కవరు. కవరు నా ముందు పెట్టాడు. "ఇంగ్లీషుల ఉన్నది బావా. జర చదివి చెప్పు. నాకు ఇంకెవ్వరున్నరు" అన్నాడు. చేతులు తుడుచుకుని తీశాను. వాచ్‌మన్‌ను పర్మనెంటు చేస్తూ ఇచ్చిన ఆర్డరు. ఆ కాయితం ఎట్లా ఉంటుందో, ఎక్కడ పేరుంటుందో, ఎక్కడ ముద్ర ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అచ్చం అలాగే ఉంది. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా, తెలుగు చేసి చదివి వినిపించాను.